ఇంగ్లీషు మాటల తేడా పట్టుకోవాలంటే తెలుగు వైపు నుంచి రండి

డిగ్రీ రెండో ఏడాదిలో నేను ఇంగ్లీషులో రాసిన మొదటి అర్జీ మా చీనీ (బత్తాయి) తోటను పదకొండు రోజులు ఎండగట్టింది. పులివెందుల దగ్గర మా ఊళ్లో, మంచి ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బోరు ఆగిపోయింది. తెలుగులో రాసిచ్చినా సరిపోయేది. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కడినే కాబట్టి ఆ చదువు నలుగురికీ కనబడాలని, మా ట్రాన్స్‌ఫార్మర్ సోమవారం నాడు ‘రిపేర్డ్’ అని ఇంగ్లీషులో రాశాను. చదివిన అధికారి, బాగుచేశారని రైతులు తెలియజేసుకున్నారు కాబోలనుకుని, మూలన సంతకం పెట్టి ఫైల్లో వేయించారు. వారం గడిచాక నాన్న వెళ్లి అడిగితే ఆ కాగితమే తీసి చూపించారట. ఇంటికొచ్చి, “ఏమి రాశావురా నాయనా, బాగైపోయిందని నువ్వే రాసిచ్చావంట కదా” అన్నాడు.

తెలుగులో ‘మోటారుకు రిపేరు వచ్చింది’ అంటే చెడిపోయిందని. ఇంగ్లీషులో రిపేర్ అంటే చెడిపోయినదాన్ని బాగుచేయడం. మాట ఒకటే, అర్థం తలకిందులు. నిఘంటువు చూడనందుకు వచ్చిన కష్టం కాదది. ఆ మాట నాకు వచ్చు కదా అని అసలు చూడాలనే అనుకోలేదు.

ఇప్పుడు కడపలో సాయంత్రం పూట పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్లు రోజూ అడిగేది ఒకటే, ఈ మాటకూ ఆ మాటకూ తేడా ఏమిటి అని. రెండు ఇంగ్లీషు మాటలను ఎదురెదురుగా కూర్చోబెట్టి చూస్తుంటే తేడా తేలదు. ఆ రెండింటినీ మన బుర్రలో ఒకే మూటగా కట్టేసిన తెలుగు మాట ఒకటి ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోవాలి. అది ఎలాగో నేను చేయించే వరుసలోనే చెబుతాను.

నోటుబుక్కును తిరగేయండి

అందరూ ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం రాసుకుంటారు. సీ అంటే చూడు, లుక్ అంటే చూడు, వాచ్ అంటే చూడు. మూడు వరుసలు నిండాయి, తెలిసింది మాత్రం సున్నా. మీరు పేజీ నెత్తిన తెలుగు మాట రాయండి. దాని కింద ఇంగ్లీషు మాటలను కొమ్మల్లా వేయండి. ఒక్కో కొమ్మకు అర్థం రాయవద్దు, మీ కళ్లారా చూసిన సంగతి ఒకటి తగిలించండి.

‘చూడు’కు మా పిల్లలు గండికోటను తగిలించారు. కోటలోకి నడిచి, ధాన్యాగారం దాటి అంచుకు చేరగానే పెన్నా నది కోసుకుపోయిన లోయ కంటబడుతుంది. మీరు ప్రయత్నం ఏదీ చేయలేదు, కళ్లు తెరిచి ఉన్నాయి కాబట్టి కనబడింది. అది సీ. పక్కనున్నవాడు “అదిగో, ఆ బండ మీద” అని వేలు చూపిస్తే తల తిప్పి అటు చూపు నిలిపారు. అది లుక్. బండ మీద కూర్చుని పొద్దు గుంకేదాకా ఆ వెలుగు మారడాన్నే చూస్తూ ఉండిపోయారు. అది వాచ్. కదిలేదాన్ని, మారేదాన్ని కాసేపు కనిపెట్టి చూడటం వాచ్ కాబట్టే క్రికెట్టుకు ఆ మాట, పొలం కాపలావాడికీ ఆ మాటే.

ఈ పేజీ ఒకటి కుదిరితే ‘విను’ పేజీ దానంతటదే కుదురుతుంది. బస్టాండులో మైకు చెవిన పడటం హియర్. ప్రొద్దుటూరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెవి ఒగ్గి పట్టుకోవడం లిజన్.

దిక్కు అడగండి

కొన్ని జంటల్లో తేడా అంతా దిక్కులోనే ఉంటుంది. అప్పు అనే మాటకు తెలుగులో దిక్కు లేదు, పక్కన ‘ఇచ్చాడు’ అనో ‘తీసుకున్నాడు’ అనో చేర్చితేనే తెలుస్తుంది. ఇంగ్లీషు ఆ దిక్కును మాటలోనే బిగించేసింది. బ్యాంకు లెండ్ చేస్తుంది, రైతు బారో చేస్తాడు, మధ్యలో చేతులు మారే డబ్బు లోన్. పేజీలో రెండు బొమ్మలు గీసి మధ్య బాణం వేసుకోండి చాలు.

కమ్, గో దగ్గర మనకు వచ్చే చిక్కు వేరు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు మనం ‘పోతాను’ అనం, అనకూడదు కూడా. ‘వస్తాను’ అంటాం. క్లాసు అయిపోగానే మా పిల్లవాడొకడు అదే మర్యాదను ఇంగ్లీషులోకి దించి, కమ్ అని చెప్పి వెళ్లిపోయేవాడు. ఇంగ్లీషులో కమ్ అంటే మాట్లాడేవాడి వైపు గానీ, వినేవాడి వైపు గానీ రావడం. ఫోనులో మిత్రుడితో మీ ఇంటికి వస్తున్నానని చెప్పేటప్పుడు కమ్ సరిపోతుంది, ఎందుకంటే వినేవాడు అక్కడున్నాడు. ఇద్దరికీ దూరంగా జరిగే ప్రయాణమంతా గో. బ్రింగ్, టేక్ కూడా ఇదే లెక్క. వాటికి వేరే పేజీ దండగ.

కారణమా, దాని వల్ల జరిగినదా?

నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇది. దీనికి మన ప్రాంతాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు.

కరువు తీసుకోండి. వాన పడకపోతే కరువు. తినడానికి లేకపోతే కరువు. చేతిలో చిల్లర లేకపోతే డబ్బు కరువు, ఇంట్లో పలకరించేవాళ్లు లేకపోతే మాట కరువు. ఇంగ్లీషు దీన్ని కోసి ముక్కలు చేసింది. వానలు లేక నేల, చెరువు, బోరు ఎండిపోతే డ్రౌట్. తిండి దొరకక మనుషులు ఊళ్లొదిలి, రాలిపోయే స్థితి ఫ్యామిన్. వస్తువేదైనా చాలినంత లేకపోతే షార్టేజ్. ఆ కొరత విడవకుండా సాగుతుంటే స్కేర్సిటీ.

ఒక అమ్మాయి వ్యాసంలో, ప్రభుత్వం ఈ ఏడాది ఇన్ని ఫ్యామిన్ మండలాలు ప్రకటించిందని రాసింది. తెలుగు పత్రికల్లో ‘కరువు మండలాలు’ అని వస్తుంది కాబట్టి ఆమె అలా రాయడంలో వింత లేదు. కానీ ఇంగ్లీషు చదివేవాడికి ఆ వాక్యం గుండె ఆగిపోయేలా ఉంటుంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చిపెట్టిన ధాత కరువు ఫ్యామిన్. కడప, కర్నూలు జిల్లాలు, అప్పటికి బళ్లారి జిల్లాలోనే కలిసి ఉన్న అనంతపురం దానికి బాగా బలైన చోట్లు. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. ఇప్పుడు అక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. అది కూడా ముఖం చాటేస్తే వచ్చేది డ్రౌట్. రేషను బియ్యం అందుతూ, ఉపాధి పని దొరుకుతూ ఉన్నంతకాలం అది ఫ్యామిన్‌గా ముదరదు.

అంటే ఒకటి ఆకాశం చేసేది, రెండోది అన్నం అందకపోవడం వల్ల జరిగేది. మొదటిది లేకుండానే రెండోది రావచ్చు. 1943 నాటి బెంగాల్ కరువుకు వానలు ప్రధాన కారణం కాదు, యుద్ధం, ధరలు, పాలకుల నిర్ణయాలు. అందుకే దాన్ని ఎవరూ డ్రౌట్ అనరు. ఆ అమ్మాయికి ఇంత చెప్పి, మీ అవ్వను అడిగి రెండు రకాల కరువుల గురించీ రాసుకుని రా అన్నాను. మర్నాడు నాలుగు పేజీలు తెచ్చింది. అందులో ఇంగ్లీషు రెండే మాటలు.

ఇదే ప్రశ్న నీళ్ల దగ్గర వేయండి. శ్రీశైలంలో నదికి అడ్డంగా నిలబడ్డ గోడ డ్యామ్. ఆ గోడ వెనక నిలిచిన నీళ్లు రిజర్వాయర్. ‘డ్యామ్ నిండింది’ అని మనం అనేస్తాం గానీ నిండేది రిజర్వాయరే. తలుపులతో నీటిమట్టాన్ని అదుపు చేసేది బ్యారేజి. పొట్టి కట్ట కట్టి మట్టం పెంచి కాలువలోకి మళ్లించి, మిగిలిన నీళ్లను కట్ట మీదుగానే పొర్లనిచ్చేది అనికట్. ఈ చివరి మాట తమిళంలోని అణైకట్టు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. మన ఆనకట్టకు తోబుట్టువు. దాన్ని ఇంగ్లీషు మాట అనుకుని బట్టీ పట్టే పిల్లలను చూస్తే నవ్వొస్తుంది. ఇక కాలువ సంగతి. పొలాలకు నీళ్లు తెచ్చే కర్నూలు–కడప (కేసీ) కెనాల్ కూడా మనకు కాలువే, వీధిలో మురుగు పారేదీ కాలువే. ఇంగ్లీషులో మొదటిది కెనాల్, రెండోది డ్రెయిన్. అర్జీలో వీటిని తారుమారు చేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మార్కెట్ యార్డులో కూడా ఇదే ప్రశ్న పనిచేస్తుంది. కర్నూలు ఉల్లి రైతుకు విత్తనం, ఎరువు, మందు, కూలి, లారీ బాడుగ అన్నీ కలిపి అయింది కాస్ట్. వేలంలో సరుకుకు పలికింది ప్రైస్. క్వింటాలుకు ఇంత అని లెక్కగట్టి చెబితే రేట్. కాస్ట్ జేబు వైపు మాట, ప్రైస్ సరుకు వైపు మాట. అందుకే దుకాణంవాడు చెప్పిన ప్రైస్, మీరు కొన్నాక మీ జేబుకు కాస్ట్ అవుతుంది. కనీస మద్దతు ధరలో ఉన్నది ప్రైస్. అది కాస్ట్‌ను దాటిందా లేదా అన్నదే ఎప్పుడూ ఉండే తగువు. ఆ వార్తను ఇంగ్లీషులో చదివేటప్పుడు ఈ రెండు మాటలు కలిసిపోతే తగువే అర్థం కాదు.

మార్చి పెట్టి చూడండి

తేడా తేలనప్పుడు ఒకదాని చోట రెండోదాన్ని పెట్టి చదవండి. వాక్యం విరిగితే తేడా దొరికినట్టే. విరగకుండా అర్థం మారితే మరీ మంచిది.

నీడకు షేడ్, షాడో అని రెండున్నాయి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా, 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కిన చెట్టు. దాని గొడుగు అయిదెకరాలకు కాస్త తక్కువ. ఆ చెట్టు కింద కూర్చుని ఎండ తప్పించుకుంటే మీరున్నది షేడ్‌లో. చెట్టు దాటి ఎండలోకి రాగానే మీ పాదాల దగ్గర మొదలై నేల మీద పడే ఆకారం షాడో. ఇప్పుడు తిరగేసి పెట్టండి. మనిషి వెంట షేడ్ నడవదు. షాడోలో కూర్చున్నానంటే అర్థమవుతుంది గానీ చల్లదనం పోయి చీకటి వస్తుంది. ఆకారం ఉంటే షాడో, హాయి ఉంటే షేడ్.

గనికి మైన్, క్వారీ. భూమి లోపల సొరంగం తవ్వితే మైన్, పైన బయలుగా తవ్వితే క్వారీ అని చాలామంది పిల్లలు రాసుకొస్తారు. మంగంపేట ఈ సూత్రాన్ని ఒక్క దెబ్బతో కొట్టేస్తుంది. అక్కడ ముగ్గురాయిని (బెరైటీస్) ఆకాశం కనబడేలా పెద్ద గొయ్యిగానే తవ్వుతారు, అయినా అది మైన్. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్లు తీసేది క్వారీ. లోతుతో పని లేదు. రాయిని రాయిగానే, పలకలుగా కోసి ఇళ్లకూ వాకిళ్లకూ వాడుకోవడానికి తీస్తే క్వారీ. చమురు బావుల తవ్వకానికి పొడి చేసి పంపే ముగ్గురాయి లాంటి ఖనిజమో, లోహమో, బొగ్గో తీస్తే మైన్. పోతే, కొండలో భాగంగా ఉన్నంతవరకు అది రాక్. కొట్టి చేతికి తీసుకుంటే స్టోన్.

పక్కన ఎవరు కూర్చుంటారో చూడండి

టెల్ పక్కన దాదాపు ఎప్పుడూ మనిషి ఉండాలి, ఎవరికి చెప్పారో రావాలి. సే పక్కన చెప్పిన మాట ఉంటే చాలు. డిస్కస్ వెనక అబౌట్ రాదు. ‘గురించి’ అనే మన అలవాటే దాన్ని అక్కడ అతికిస్తుంది. ఎవరిని వింటున్నారో చెప్పాలంటే లిజన్ వెనక టు ఉండాలి, లేకపోతే వాక్యం అక్కడే ఆగిపోతుంది. ఇవి ఆలోచించి తేల్చేవి కావు. రాసుకుని, పైకి చదివి, నోటికి అలవాటు చేసుకోండి.

ఇంట్లో తిరిగే ఇంగ్లీషు మాటలను అనుమానించండి

నన్ను ముంచింది ఇలాంటిదే కాబట్టి దీన్ని గట్టిగా చెబుతాను. తెలియని మాట మిమ్మల్ని మోసం చేయదు, దాన్ని చూడగానే నిఘంటువు తీస్తారు. చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే ముంచుతుంది. హోటల్‌లో మనం దోసె తిని వచ్చేస్తాం, బయటి దేశం మనిషి హోటల్ అంటే రాత్రి పడుకునే చోటు అనుకుంటాడు. పార్సిల్ మనకు ఇంటికి కట్టించుకునే ఇడ్లీ, వాళ్లకు పోస్టులో వచ్చే మూట. క్లాసులో ‘డౌటు’ అంటే మనకు ప్రశ్న, ఇంగ్లీషులో అది మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు ధ్వనిస్తుంది. ఒక వారం పాటు మీ ఇంట్లో వినబడే ఇలాంటి మాటలను జేబులో కాగితం మీద రాసుకోండి. నలభైకి తక్కువ రావు.

పండ్ల బజారు మరీ గమ్మత్తు. మా తోటలో కాసేది చీనీ, కోస్తాలో బత్తాయి. వ్యాపారులు పెట్టెల మీద స్వీట్ లైమ్ అని రాస్తారు, ఉద్యాన శాస్త్రవేత్తలు స్వీట్ ఆరెంజ్ అని రాస్తారు. మన సాత్‌గుడి రకానికి రెండోదే సరైనది. స్వీట్ లైమ్ అసలు వేరే జాతి. నిమ్మకాయను మనం లెమన్ అంటాం. మన చిన్న గుండ్రటి పులుపు నిమ్మ శాస్త్రం ప్రకారం లైమ్, ఉద్యాన శాఖ కాగితాల్లో దాని పేరు ఆసిడ్ లైమ్. లెమన్ అంటే పెద్దది, కోలగా ఉండి కొసన మొన తేలే పసుపు కాయ. బండి దగ్గర లెమన్ అని అడగండి, తప్పేమీ లేదు. పంట రుణానికో ఎగుమతికో కాగితం నింపేటప్పుడు మాత్రం ఒక్కసారి ఆగండి.

తిరుగు దారి కూడా నడవండి

అన్నిసార్లూ ఇంగ్లీషే ఎక్కువ ముక్కలు చేస్తుందనుకోవద్దు. పొలంలో వరి, కళ్లంలో వడ్లు, మిల్లు దాటితే బియ్యం, కంచంలో అన్నం. మనకు నాలుగు, వాళ్లకు ప్యాడీ, రైస్ రెండే. ప్యాడీ పొట్టు తీయనంతవరకే. లారీ చీటీలో కర్నూలు సోనా వడ్లకు రైస్ అని రాస్తే గోదాములో తూకం దగ్గర గొడవ తప్పదు. చుట్టరికాల దగ్గర ఇంగ్లీషు పూర్తిగా చేతులెత్తేస్తుంది. బావ, బావమరిది, మరిది అందరూ బ్రదర్-ఇన్-లా అనే ఒకే మాటలో ఇరుక్కుంటారు. అక్కడ తేడా వెతకవద్దు, అవసరమైతే అక్క భర్త అనో భార్య తమ్ముడు అనో విడమరిచి రాయండి.

నిఘంటువును సరిగ్గా వాడండి

ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఇచ్చే నిఘంటువు ఒక్కటే ఉంటే మళ్లీ ‘చూడు, చూడు, చూడు’ దగ్గరికే వస్తారు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు ఇచ్చేదాన్ని ముందు తెరవండి. 1820లో ఉద్యోగానికి కడప వచ్చిన సి.పి.బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టుకుని తెలుగు పుస్తకాలు పరిష్కరింపజేశాడు. ఆయన నిఘంటువులు 1850ల తొలినాళ్లలో అచ్చయ్యాయి. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం. ఆయన ఒక తెలుగు మాటకు ఇంగ్లీషు మాటలను వరుసగా పేరుస్తాడు. ఆ వరుసే మీ పేజీలో కొమ్మలు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఫోను మీదే వెతకవచ్చు. కొమ్మలు దొరికాక ఒక్కోదాన్ని, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం తేలిక ఇంగ్లీషులో రాసిన నిఘంటువులో చూడండి. అర్థం దగ్గర ఆగకుండా ఉదాహరణ వాక్యాలు చదవండి. బ్రౌన్ ఇంగ్లీషు పాతది, కొన్ని మాటలు ఈ రోజుల్లో ఎవరూ వాడరు. అందుకే రెండో నిఘంటువు.

తోక తేడా ఉన్న జంటలకు ఇంత శ్రమ అక్కర్లేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, ఆ రోజు హిస్టారిక్, అంటే చరిత్రలో నిలిచేది. ఆనాటి కాగితాలు, ఫొటోలు హిస్టారికల్, చరిత్రకు సంబంధించినవి. దేశం లెక్కలు ఎకనామిక్, ఖర్చు కలిసొచ్చే స్కూటరు ఎకనామికల్. సలహా అనే నామవాచకం అడ్వైస్, సలహా ఇవ్వడం అడ్వైజ్. రాతలో ఒక్క అక్షరమే తేడా, నోట్లో ‘స’కారానికీ ‘జ’కారానికీ తేడా.

రోజుకు ఒక్క పేజీ

రోజుకు ఒక తెలుగు మాట చాలు. ఆదివారం ఆ వారం పేజీలు తీసి, ఇంగ్లీషు కొమ్మలను చేత్తో మూసి, మీరు రాసుకున్న సంగతిని చూసి ఏ మాటో చెప్పండి. రెండు వారాలు వరుసగా తప్పినదాన్ని కొత్త పేజీలో వేరే సంగతితో రాయండి. మొదట తగిలించినది మీకు నిజంగా గుర్తుండేది కాదన్నమాట.

కొన్ని జంటలకు ఎంత తవ్వినా తేడా రాదు. అనంతపురం ఎర్రనేలల్లో పండేదాన్ని మన వ్యవసాయ శాఖ, నూనె మిల్లులు గ్రౌండ్‌నట్ అంటాయి. అమెరికా వాళ్లు, వేయించి పొట్లం కట్టి అమ్మేవాళ్లు పీనట్ అంటారు. కాయ అదే, గింజ అదే, వేరుశనగే. ఇలాంటివి తగిలితే రెండు మాటల మధ్య సమానం గుర్తు పెట్టి, ఎవరు ఎక్కడ వాడతారో పక్కన ఒక ముక్క రాసి, పేజీ తిప్పేయండి.